ఒకే తొట్టిలో తొమ్మిది వో చేపలు

ఫిజీ రాజధాని సువాలో మా సంఘం వాళ్ళు ఏటా పెట్టే భోజనాల్లో, పాయసం వడ్డించే వేళకి ఎవరో ఒకరు నా కథ ఎత్తుకుంటారు. "పాపం, ఈవిడ పరిశోధన చేసే రోజుల్లో వాళ్ళమ్మ పొరపాటున చేపలన్నీ కలిపేసిందట. దేవుడి దయ చూడండి, ఆ కలపడంవల్లే కొత్త సంగతి బయటపడిందట." వినేవాళ్ళు నవ్వుతారు. నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. ఇక నవ్వదలుచుకోలేదు. మా అమ్మ పొరపాటు చేయలేదు, తెలిసే కలిపింది. సంగతి ఆ కలపడంతో బయటపడలేదు, అంతకుముందే నేను బయటపెట్టాను. నమ్మేవాడు లేడు, అంతే. ఇంకో మాట కూడా చెప్పాలి. నన్ను "పాపం" అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఫిజీకి స్వతంత్రం వచ్చి పదేళ్ళు దాటిన రోజులవి. మేం ఇక్కడి పెనాంగ్ చక్కెర మిల్లు పక్కనున్న చెరకు పొలాల నుంచి సువాకి వచ్చినవాళ్ళం. స్కాలర్‌షిప్పు మీద విశాఖపట్నం వెళ్ళి డిగ్రీ చేశాను. నేనిప్పుడు రాస్తున్న ఈ తెలుగు కూడా అక్కడ నేర్చుకున్నదే. ఇంట్లో నాకు వచ్చింది అమ్మ తెలుగు, సగం ఫిజీ హిందీ కలిసినది. తిరిగొచ్చాక మా ప్రాంతంలోని ఒక హైస్కూల్లో రెండేళ్ళు సైన్సు చెప్పి, అక్కడ సెలవు పెట్టి, సువాలో ఒక పరిశోధనశాలలో పై డిగ్రీకి చేరాను. నాకు పని చూపించే ఆచార్యుడు బయటి దేశం నుంచి ఒప్పందం మీద వచ్చినవాడు. ఆ ఏడు ఆగస్టు చివరికి ఆయన ఒప్పందం తీరిపోతుంది. ఆయన వెళ్ళేలోగా నా పని మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే నేను మళ్ళీ ఆ స్కూలుకి పోయి, బోర్డు మీద కప్ప బొమ్మ గీసుకుంటూ రిటైరవ్వాలి. కప్ప మీద నాకు కోపం లేదు. కానీ నాకు ఒక సంగతి తెలుసు, అది నిజమని ఒప్పించకుండా వెనక్కి వెళ్ళడం నావల్ల కాదు.

ఆ సంగతి వో చేప గురించి. ఇక్కడి వాగుల్లో రాళ్ళ కింద దాక్కునే నల్లటి చిన్న చేప అది. నోరు పెద్దది, తల బల్లపరుపు, ఒళ్ళంతా జారుడు. విశాఖలో హాస్టల్ వంటమనిషి పులుసు పెట్టే ఇసుకదొందులకి దూరపు చుట్టం అనుకోవచ్చు. సింగటోకా లోయలో పైకి వెళ్తే, ఒకే ఏటిలో, ఎగువ రాళ్ళలోనూ దొరుకుతుంది, దిగువ బురద మడుగులోనూ దొరుకుతుంది. రెండుచోట్లా అదే పేరు, అదే రంగు. రెక్కల ముళ్ళు లెక్కపెట్టినా, పొలుసులు లెక్కపెట్టినా తేడా తేలదు. పల్లెవాళ్ళకి తెలిసే ఉంటుంది, పుస్తకాలవాళ్ళకే తెలియదు అని చెప్పడం ఇప్పుడు అందరికీ ఇష్టం. నేను అడిగాను. నాకు వల వేసి పెట్టిన పల్లె ఆవిడ రెండు చేపల్నీ చేతిలో పెట్టుకుని, "వో. ఇదీ వో. నీకు తినడం రాదా?" అంది. ఆవిడ కళ్ళకీ నా కళ్ళకీ తేడా లేదు.

కళ్ళకి కనబడని తేడా లోపల వెతకాలి. ప్రతి జీవి కణంలోనూ దారపు ముక్కల్లాంటివి కొన్ని ఉంటాయి. కణం రెండుగా చీలబోయే ముందు అవి పొట్టిగా, లావుగా ముడుచుకుని కనబడతాయి. అవే క్రోమోజోములు. వాటిని పట్టుకోవాలంటే చేప బతికుండాలి. కణం సగం చీలిన చోట ఆగిపోయేలా చేసే మందు ఒకటి దాని కడుపులోకి ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, తర్వాత చంపి, మొప్పల వెనకనున్న మూత్రపిండం ముక్క తీసి, పల్చటి ఉప్పునీళ్ళలో ఉబ్బబెట్టి, వెనిగర్ కంపు కొట్టే ద్రవంలో కడిగి, ఆ చుక్కని ఎత్తు నుంచి గాజు పలక మీద పడేయాలి. పడిన దెబ్బకి కణం పగిలి లోపలివన్నీ పరుచుకుంటాయి. నేను స్టూలెక్కి నిలబడి చుక్కలు వదిలేదాన్ని. ఊదారంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసి, ఫోటో తీసి, ఆ ఫోటోలోంచి ఒక్కొక్క క్రోమోజోమునీ గోళ్ళ కత్తెరతో కత్తిరించి, జతలు కలిపి, పెద్దది ముందు, చిన్నది వెనక అట్ట మీద అంటించాలి. కత్తిరించేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకపోతే వారం రోజుల పని బీరువా కిందకి ఎగిరిపోతుంది. ల్యాబులో జిగురు మా తేమకి బూజు పట్టిపోయేది. అందుకని నేను ఇంటి నుంచి గంజి తీసుకెళ్ళేదాన్ని. ఇక్కడే పండే డ్రెకేటి బియ్యం గంజి అయితే బాగా అంటుకుంటుంది.

మొదటి విడతలో ఎగువ చేపలకి నలభై ఆరు వచ్చాయి. దిగువ చేపలకీ నలభై ఆరే. నేను పోల్చింది ఆ లెక్కని కాదు, క్రోమోజోముల ఆకారాన్ని. కొన్ని క్రోమోజోములకి నడుము మధ్యలో ఉంటుంది, అప్పుడు అటూ ఇటూ చేతుల్లా కనబడతాయి. కొన్నింటికి నడుము ఒక చివర ఉంటుంది, అవి ఒంటిచేతివి. ఎగువ చేపల్లో అన్నీ ఒంటిచేతివే. దిగువ చేపల్లో మూడు జతలకి రెండేసి చేతులున్నాయి. ప్రతి దిగువ చేపలోనూ ఆ మూడు జతలే. ఒక పేరు కింద రెండు చేపలున్నాయి. నేను అట్టలు రెండూ పట్టుకుని ఆచార్యుడి గదికి వెళ్ళాను.

ఆయన అట్టల్ని కిటికీ దగ్గర పెట్టి చూశాడు.

"నలభై ఆరు, నలభై ఆరు," అన్నాడు. "నాకూ నలభై ఆరే, నీకూ నలభై ఆరే. మనం వో చేపలమా?"

"సంఖ్య గురించి నేను మాట్లాడటం లేదు. చేతులు చూడండి."

"చూస్తున్నాను. ఎగువ చేపలకి మందు ఎప్పుడు ఎక్కించావు?"

"సోమవారం."

"దిగువవాటికి?"

"తర్వాతి వారం."

"ఎంతసేపు ఆగావు?"

రెండుసార్లూ ఒకేలా ఆగాననే అనుకున్నాను. నోటుబుక్కు చూస్తే దిగువ చేపల రోజున కరెంటు పోయి గంటకు పైగా ఆలస్యమైంది. మందు ఎక్కువసేపు ఉంటే క్రోమోజోములు మరీ ముడుచుకుపోతాయి. ముడుచుకుపోయినవాటిలో చేతులు ఎలాగైనా కనబడొచ్చు. ఆయన అంతటితో ఆగలేదు.

"పైగా ఏ చేప ఎక్కడిదో నీకు ముందే తెలుసు. ఉండాలనుకున్న చోట చేతులు కనబడ్డాయి. పలకల మీద చీటీలు కూడా మారి ఉండొచ్చు."

"చీటీలు మారలేదు."

"మారలేదని నీకెలా తెలుసు?"

"రాసింది నేను కాబట్టి."

ఆయన నవ్వాడు. నిజాయితీగా చెప్పాలంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న సరైనదే. నేను అడగాల్సింది, ఆయన అడిగాడు, అదే నాకు మండింది. చీటీల మాట మాత్రం సరైనది కాదు. పక్క గదిలో పీతల మీద పనిచేసే అబ్బాయిలు చీటీలు లేకుండానే సీసాలు సర్దేవాళ్ళు, వాళ్ళని ఆ మాట అననేలేదు. ఆ సంగతి అప్పుడే ఆయన ముఖం మీద చెప్పాను. "నెల చివరికి నేను వెళ్తున్నాను. ఈలోగా మళ్ళీ చేసి చూపించు," అన్నాడు. చూపిస్తానన్నాను.

ఏటికి వెళ్ళడమంటే వల పట్టుకుని దిగడం కాదు. ఆ ఏటి ముక్క పల్లెది. పల్లె పెద్ద ముందు కానుకగా యంగోనా వేళ్ళ కట్ట పెట్టి, ఎందుకొచ్చామో చెప్పి, ఆయన సరేనన్నాక ఆ వేళ్ళు దంచి నీళ్ళలో కలిపిన యంగోనా తాగి, అప్పుడు ఏటికి నడవాలి. మా ల్యాబు డ్రైవరు ఆ లోయవాడే, నా తరఫున మాట్లాడేవాడు. ఆ శనివారం పెద్దాయన చాప మీద పడుకునే ఉన్నాడు. దగ్గుతూనే, మళ్ళీ ఆ వో కోసమేనా అని అడిగించాడు. అవునంటే, తను తినని చేప కోసం ఇంత దూరం వచ్చే మనిషిని చూడలేదన్నాడు. నేనూ చూడలేదని చెప్పించాను. ఆయనకి నచ్చినట్టుంది. ఆ రోజు ఎగువ ఐదు, దిగువ నాలుగు దొరికాయి. నోటుబుక్కులో ఐదు, నాలుగు అని రాసి కింద గీత గీశాను.

ల్యాబులో తొట్లకి గాలి కొట్టే పంపు చెడిపోయి ఉంది. అందుకని చేపల్ని ఇంటికే తెచ్చాను. స్నానాల గది వెనక నీడలో రెండు రేకు తొట్లు. ఒకదాంట్లో ఎగువవి, ఇంకోదాంట్లో దిగువవి. దాక్కోవడానికి తొట్టికొక ఇటుక. సోమవారం ఎగువవి, మంగళవారం దిగువవి చేద్దామని నా ఆలోచన. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. అన్నీ తెలిసి, ఆయన చేత తిట్లు తిని కూడా, మళ్ళీ రెండు రోజులకి పంచుకున్నాను. ఒక్క మనిషి ఒక్క రోజులో తొమ్మిది చేపలు చేయలేదని నా లెక్క.

ఆ పది రోజులూ మా ఇంట్లో వ్రతం. తమ్ముడు గుడిలో నిప్పుల మీద నడవడానికి దీక్ష పట్టి అక్కడే ఉన్నాడు. ఇంట్లో మాంసం లేదు, చేప లేదు, చంపడం అసలే లేదు. చేపల బకెట్టుతో నేను గేటు తీసినప్పుడే అమ్మ అడ్డంగా నిలబడింది.

"వ్రతం ఇల్లు. ఈ మచ్ఛీ కాహే తెచ్చింది నువ్వు?"

"తినడానికి కాదమ్మా. బతికే ఉంటాయి. చంపేది ల్యాబులో."

"ఒకటి చస్తే?"

"చావనివ్వను."

"చస్తే తమ్ముడి కాలికి తగులుతాది. గుర్తు పెట్టుకో." అని పక్కకి తప్పుకుంది.

ఆదివారం పొద్దున్న నేను మందూ సీసాలూ సర్దుకోవడానికి ల్యాబుకి వెళ్ళాను. డ్రైవరు అక్కడికే వచ్చి చెప్పాడు. పెద్దాయన పోయాడట. ఆ వంశం పెద్ద పోతే వాళ్ళ ఏటి ముక్కలో వంద రాత్రులదాకా ఎవరూ వల వేయరు. గట్టు మీద గుర్తుకర్రలు పాతేశారట. నన్ను చాప మీద కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి పోయాడని కాసేపు బాధగానే ఉంది. తర్వాత, సిగ్గు లేకుండా చెప్తున్నాను, లెక్క వేసుకున్నాను. వంద రాత్రులంటే ఆచార్యుడు వెళ్ళిపోయాక ఎన్నో రాత్రులు. మా ఇంటి వెనకనున్న తొమ్మిదే ఇక నాకు దిక్కు.

మధ్యాహ్నం ఇల్లు చేరి వెనక్కి వెళ్ళేసరికి ఒక తొట్టి నిండా పసుపు నీళ్ళు, అందులో తమ్ముడి పంచెలు. రెండో తొట్టిలో రెండు ఇటుకలు, తొమ్మిది చేపలు.

"అమ్మా, ఏం చేసింది నువ్వు?"

అమ్మ పంచె పిండుతూ వెనక్కి తిరగలేదు. "తొట్టి కావాలి. బట్టలకి పసుపు పెట్టాలి."

"రెండూ వేరే చేపలు."

"ఏకే చేప. నేను చూసింది. రెండూ నల్లగా, రెండూ మూతి ఇంత. ఒకే చేపకి కాహే రెండు తొట్టి?"

"ఒకటి కాదనే కదా నేను రెండేళ్ళుగా చస్తున్నాను."

"అయితే తీసి పెట్టు. ఏది ఏదో చూపించు నాకు."

చూపించలేకపోయాను. వంగి నీళ్ళలోకి చూశాను. తొమ్మిది నల్లటి వీపులు. లోకంలో ఎవరూ చూపించలేరు. నేను ల్యాబు నుంచి మోసుకొచ్చిన కోపమంతా అక్కడే దించాను. చదువు లేకపోతే ఇంతే అన్నాను. అనకూడని మాట. అమ్మ అప్పుడు తిరిగింది. చేతులు మోచేతులదాకా పచ్చగా ఉన్నాయి.

"నువ్వు ఇత్నా చదివింది. నీ చేప నీకే తెలీదు. నన్ను అంటుంది." తొట్టి చూపించి, "తొమ్మిదీ ఉన్నాయి. ఒకటీ చావలేదు. నీళ్ళు మెల్లిగా పోసింది నేను," అంది.

వెళ్ళి వంటింటి గడప మీద కూర్చున్నాను. తర్వాత ఆచార్యుడి మాటలు ఒక్కొక్కటీ మళ్ళీ విన్నాను. ఏ చేప ఎక్కడిదో నీకు ముందే తెలుసు. ఇప్పుడు తెలియదు. వేరే రోజున చేశావు. తొమ్మిదింటినీ ఒకే పూట చేస్తే? ఒకే నీళ్ళు, ఒకే మందు, ఒకే గడియారం. అప్పుడు కొన్నింటికి చేతులు కనబడి కొన్నింటికి కనబడకపోతే ఆ తేడా మందుది కాదు, గడియారంది కాదు, నా కోరికది కాదు. చేపది. ఐదు, నాలుగు అని రాసిన నోటుబుక్కు నా సంచిలో ఉంది. ఇది నన్ను ఎవరో కాపాడటం అని అనకండి. తొట్టి కలిపింది అమ్మ. కలిసినవాటితో ఏం చేయాలో తేల్చింది నేను.

సోమవారం పొద్దున్నే మూతకి చిల్లులు పెట్టిన బకెట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. "కర్రీ ఖాతిర్?" అని అడిగాడు బస్సు డ్రైవరు, కూర కోసమా అని. కాదు, సూదిమందు వేయించడానికి అన్నాను. నేను దిగేదాకా అద్దంలోంచి నన్నే చూశాడు.

తొమ్మిదింటికీ పావుగంటలో మందు ఎక్కించాను. తొమ్మిది సీసాలు, ఒకటి నుంచి తొమ్మిది అంకెలు, ఇంకే రాతా లేదు. ఒక్క మనిషి చేయలేదనుకున్న పని సాయంత్రం ఐదుకి అయిపోయింది. మధ్యలో ఏమీ తినలేదు. వ్రతం ఇంటి నుంచి వచ్చిన మనిషిని, పర్వాలేదు. ఆ వారమంతా ఫోటోలు తీసి, కడిగి, కత్తిరించకుండా తొమ్మిది కవర్లలో పెట్టాను. నేను జతలు పేరిస్తే మళ్ళీ నా చేతివాటమంటాడు. కత్తెర, కవర్లు ఆయన బల్ల మీద పెట్టాను.

"మీరే కత్తిరించండి. మీరే వేరు చేయండి. నేను నోరు తెరవను."

"అది చూడాలని ఉంది," అన్నాడు.

మూడు రోజులు పట్టింది ఆయనకి. మనిషి మీద నాకెన్ని ఫిర్యాదులున్నా, పని తప్పించుకునే రకం కాదు. మూడో రోజు నన్ను పిలిచి అట్టల్ని బల్ల మీద పరిచాడు. కొన్ని ఇటు జరిపాడు, కొన్ని అటు. ఇటు ఐదు, అటు మూడు. ఒకటి చేతిలోనే ఉండిపోయింది.

"ఏడో నంబరు," అన్నాడు. "ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దీన్ని నేను ఎటూ పెట్టను."

నా గొంతుదాకా వచ్చింది, అటు పెట్టమని. పళ్ళు బిగించుకున్నాను. ఏడో సీసాలో అడుగున కొంచెం ద్రవం మిగిలి ఉందని మాత్రం చెప్పాను. ఇద్దరం ల్యాబుకి వెళ్ళాం. నేను స్టూలెక్కి ఆఖరి చుక్కలు వదిలాను. ఎండాక రంగు వేసి, ఆయన్నే ముందు చూడమన్నాను. సూక్ష్మదర్శిని మీద వంగి ఎంతసేపున్నాడో. పలక అటు కొంచెం, ఇటు కొంచెం జరిపాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"మూడు జతలు," అన్నాడు. "రెండేసి చేతులు. అటు నాలుగు."

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"నోటుబుక్కు తెరువు."

తెరిచాను. ఐదు, నాలుగు, కింద గీత. ఆయన దాన్ని చూసి, తేదీ చూసి, మూసి నాకిచ్చాడు. "మొదటి విడత ఫలితాలు తీసేయి. ఇవి పెట్టు. రెండో అధ్యాయం మళ్ళీ రాయి, పెట్టెలు సర్దుకునేలోగా చదువుతాను," అన్నాడు. మెచ్చుకోలేదు. చీటీల మాట వెనక్కి తీసుకోలేదు. పది రోజుల్లో రాశాను. చదివాడు, కొట్టివేతలతో నింపాడు, సంతకం పెట్టాడు.

ఆ సంతకం తర్వాతే నేను స్కూలుకి వెళ్ళకుండా ల్యాబులో ఉద్యోగంలో ఉండిపోయాను. ఆ వంద రాత్రులూ గడిచి ఏరు తెరిచారని తెలిసి, యంగోనా కట్ట తీసుకుని పల్లెకి వెళ్ళాను. పెద్దాయన చాప మీద ఇప్పుడు ఆయన కొడుకు. మీ ఏటిలో వో రెండు రకాలని చెప్పించాను. సరే, పట్టుకెళ్ళు, అన్నాడు. వల వేసే ఆవిడ మాత్రం రుచి ఒకటే అంది.

అమ్మతో ఆ రోజు అన్న మాటకి నేను క్షమాపణ అడగలేదు. ఆవిడా అడిగించుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాత, ఇదే సంఘం భోజనాల నుంచి ఇంటికి వస్తూ, నేను మళ్ళీ ఆ కథ మీద గొణుగుతుంటే అమ్మ అంది.

"ఆ దిన్ పసుపు బట్ట ఆరేసి వచ్చి చూసింది నేను. నీ చేప కొన్ని ఒక ఇటుక కింద చేరింది. కొన్ని రెండో ఇటుక కింద. పొడిస్తే పోయి మళ్ళీ అక్కడికే వస్తాది."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. "ఒక ఇటుక కింద ఎన్ని? ఇంకోదాని కింద ఎన్ని?"

"లెక్క పెట్టలేదు."

"ఐదా? నాలుగా?"

"బట్ట ఆరేయాలి, వంట చేయాలి. నీ చేప లెక్క నాకు కాహే?"

నేను ఆ మధ్యాహ్నం తొట్టిలోకి వంగి చూశాను. తొమ్మిది వీపులు చూశాను. కోపంతో చూశాను కాబట్టి ఏది ఎక్కడుందో చూడలేదు. కత్తెర, మందు, సూక్ష్మదర్శిని, రెండేళ్ళు, ఇన్నీ పెట్టి నేను తేల్చిన తేడాని అమ్మ మెల్లిగా పోసిన ఒక్క తొట్టి నీళ్ళలో ఆ చేపలు గంటలో తేల్చుకున్నాయేమో. తేల్చుకోలేదేమో, ఊరికే నీడ కోసం చేరాయేమో. ఈ మధ్య రెండు తొట్లు కొన్నాను, ఇటుకలున్నాయి, ఏటికి వెళ్ళడానికి మోకాళ్ళు ఇంకా సహకరిస్తున్నాయి. కొత్త చేపలు వాటి సంగతి అవి చెప్తాయి. ఆ ఆదివారం సంగతి చెప్పవు. అమ్మ చూసినప్పుడు మొదటి ఇటుక కింద ఉన్నవి ఎన్ని?